అడిగితే ఇస్తాం

మా మామిడి మార్కెట్టు వాట్సాప్ గ్రూపులో మాస్టారు పోయారన్న మెసేజి పొద్దున్నే వచ్చింది. దాని కింద వరసగా దణ్ణాల బొమ్మలు. ఆ బొమ్మల మధ్యలోనే ఎవరో ఆ రోజు బంగినపల్లి రేటు పెట్టారు. రేటు కింద కూడా ఒకరిద్దరు దణ్ణాలు పెట్టారు. అవి మాస్టారికో, రేటుకో నాకు తెలియలేదు. సీజన్లో పోయినవాళ్ల కోసం ఏడవడానికి మా యార్డులో ఎవరికీ తీరిక ఉండదు. నా షెడ్డు ముందు కూడా కాయ దింపాల్సిన ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. ఫోను గల్లాపెట్టె మీద బోర్లా పెట్టి పనిలో పడ్డాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. యార్డులో ఆ పేరుతో ఎవరూ పిలవలేదు కాబట్టి రాసినా గుర్తుపట్టేవాళ్లు తక్కువ. ఒకప్పుడు నూజివీడు బస్టాండు వెనక కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు, అందుకని ఎదురుగా మాస్టారు. అటు తిరగ్గానే లైసెన్సు మాస్టారు. ఆ మాట ఆయన చెవిన పడేది. పడనట్టే ఉండేవారు.

చదవకుండా దేనికీ ఒప్పుకోకపోవడం ఆయనకున్న జబ్బు. కొత్త ఫోను కొన్నవాళ్లు కాస్త సరిచేసి పెట్టమని ఇస్తే, అందులో వచ్చే షరతులన్నీ, లైసెన్సు అంటారట వాటిని, మొదటి నుంచి చివరిదాకా చదివేవారు. ముందు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచేవారు. తరవాత వేలితో తెరని కొంచెం కొంచెం పైకి జరుపుకుంటూ పోయేవారు. ఫోను గలవాడు పక్కన నిలబడి నిట్టూర్చేవాడు. అందరూ నొక్కేదే కదా, నొక్కెయ్యండి అని బతిమాలేవాడు. "ఒప్పుకున్నానని నొక్కితే ఒప్పుకున్నట్టే కదండీ" అనేవారు ఆయన. మందుల డబ్బాలో మడిచిపెట్టే కాగితం చదివేవారు. లారీ రసీదు వెనక చిన్న అక్షరాలు చదివేవారు. మా ఇంట్లో పెళ్లికి శుభలేఖ ఇస్తే అది కూడా అడుగుదాకా చదివి, "ప్రెస్సాయన పేరు వేశారు, మంచి పని" అన్నారు. పెళ్లికొడుకు ఏం చేస్తుంటాడని మాత్రం అడగలేదు.

పండు కోసి పెట్టినా అంతే. ఇది ఎవరి తోటది అని మొదలుపెట్టేవారు. తోట చెబితే, వాళ్లు అంటు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారట అనేవారు. ఈలోపు రసం మోచేతి దాకా కారేది. నాకు విసుగొచ్చి ముందు తినండి మహానుభావా అనేదాన్ని. తెలుసుకుని తింటే ఇంకా బాగుంటుంది అక్కగారూ అని నవ్వేవారు. నవ్వితే పెద్దగా వినిపించేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి.

యార్డులో కమిషన్ కొట్లన్నిటినీ ఒక్క కంప్యూటర్ నెట్‌వర్కుకి కలిపింది ఆయనే. పెద్ద మెషీను అసోసియేషన్ ఆఫీసులో బల్ల కింద ఉండేది. అక్కణ్ణుంచి ప్రతి షెడ్డుకీ రేకుల కింద వైర్లు. కాయలకి పరిచే వరిగడ్డి ఊళ్లోదంతా మా యార్డులోనే ఉండేది కాబట్టి, ఎలకలు కూడా మావే. అవి వైర్లు కొరికేవి, ఆయన నిచ్చెనేసుకుని ఎక్కేవారు. కంప్యూటర్ విప్పితే లోపలినుంచి గడ్డి వచ్చేది. ఆ గడ్డి పరక చేత్తో పట్టుకుని ఏదో నేరం దొరికినట్టు మా గుమస్తా వైపు చూసేవారు.

నేను ఆయనకి ఎందుకు రుణపడి ఉన్నానో చెప్పాలి. మా దగ్గర బేరం నోటితో జరగదు. కొనడానికొచ్చిన సేటూ, అమ్మిపెట్టే కమిషన్ కొట్టు మనిషీ చేతులు కలుపుతారు. పైన తువ్వాలు కప్పుతారు. లోపల ఏ వేలు ఎన్నిసార్లు నొక్కారన్నదే ధర. చుట్టూ ఎంతమంది నిలబడ్డా బేరం ఎంతకి తెగిందో ఆ ఇద్దరికే తెలుస్తుంది. మా ఆయన పోయి కొట్టు నా చేతికొచ్చాక చిక్కంతా ఈ తువ్వాలుతోనే వచ్చింది. ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన మగమనిషి చేతిలో నేను చెయ్యి పెట్టలేను, పెట్టినా ఆయన పట్టుకోడు. మరిదిని పంపేదాన్ని. అతను వచ్చి ఎంత చెబితే అంత. కొట్టు నాది, కూర్చునే కుర్చీ నాది, ధర మాత్రం అతనిది.

మాస్టారు ఇదంతా చూస్తూనే ఉన్నారు. ఒకరోజు ప్రింటరు బాగుచేస్తూ, తల ఎత్తకుండానే, "తువ్వాలు కంప్యూటర్లో కప్పుదామా అక్కగారూ" అని అడిగారు. ఆ పై సీజనుకి అది వచ్చేసింది. సేటు తన ఫోనులో ధర కొడితే, ఎవరి కొట్టుకి కొట్టాడో ఆ కొట్టు మనిషికి తప్ప ఇంకెవరికీ కనపడదు. ఆ పేజీకి తువ్వాలు అనే పేరు పెట్టారు. ఆ ఏడు నా కాయ నేనే అమ్ముకున్నాను. మొదటి బేరం తెగిన రోజు ఇంటికెళ్లి మా ఆయన ఫోటో ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను.

ఈ ప్రోగ్రాం తన సొంతం కాదని ఆయనే అందరికంటే ముందు చెప్పేవారు. ఏయే దేశాలవాళ్లో కలిసి రాసి, కావలసినవాళ్లు వాడుకోండని నెట్లో పెట్టింది అది. మాస్టారు దాన్ని దించుకుని మామిడికి తగ్గట్టు మార్చారు. వాళ్లు ఊరికే ఇచ్చారు గానీ షరతు లేకుండా ఇవ్వలేదు. రాసినవాళ్ల పేర్లు చెరపకూడదు. మీ నెట్‌వర్కు మీద దాన్ని ఎవరు వాడినా, వాళ్లు అడిగితే, మీరు మార్చిన మార్పులతో సహా కోడ్ మొత్తం ఇవ్వాలి. కోడ్ అంటే ఏ లెక్క ఎలా వెయ్యాలో ఆ ప్రోగ్రాముకి చెప్పే రాత. ఆ షరతు ప్రకారం ప్రతి పేజీ అడుగునా ఆయన తెలుగులో ఒక లైను పెట్టారు. "ఈ ప్రోగ్రాం వాడేవారెవరైనా దీని కోడ్ అడగవచ్చు. అడిగితే ఇస్తాం." ఎవరికీ అక్కర్లేని లైను అది. చాలాకాలం ఎవరూ అడగలేదు.

ఆయనకి కోపం రావడం నేను ఒకే ఒక్క మాటకి చూశాను. లెక్క తేడా వచ్చిందని రైతు అడిగితే మా గుమస్తాలకి ఒక జవాబు అలవాటైపోయింది, కంప్యూటర్ వేసిందండీ అని. అది వినపడితే మాస్టారు ఎక్కడున్నా వచ్చేసేవారు. "కంప్యూటర్ ఏదీ దానంతటది వెయ్యదు. ఎవరో వెయ్యమన్నారు, అది వేసింది. ఆ ఎవరో ఎవరో చెప్పండి" అనేవారు. గొంతు వణికేది. గుమస్తాలు నవ్వుకునేవారు. ఆయన వెళ్లాక ఆ గొంతుతోనే ఆ మాట అని ఒకళ్లనొకళ్లు ఆటపట్టించుకునేవారు.

రైతులు తమ పట్టీ, అంటే కాయ బరువూ, తరుగూ, చేతికొచ్చే మొత్తమూ ఉండే చీటీ, ఫోనులోనే చూసుకోవచ్చని అసోసియేషన్ గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టించింది. మా ప్రెసిడెంటు గారి బొమ్మ అందులో రైతు బొమ్మకంటే పెద్దది. అలా ఫోనులో పట్టీ చూసుకున్న ఒక ముసునూరు రైతు ఆ అడుగు లైను కూడా చదివాడు. చిన్న రసాల తోట ఆయనది, మా షెడ్డుకే కాయ వేసేవాడు. ఒకరోజు నేను అసోసియేషన్ ఆఫీసులో ఉండగా చంకలో ఖాళీ గోనెసంచి మడిచిపెట్టుకుని వచ్చాడు.

"అడిగితే ఇస్తామని రాశారు కదండీ. అదేంటో మాక్కూడా ఇవ్వండి" అన్నాడు.

అంతకుముందు ఏడాది ఎరువుల కంపెనీవాళ్లు శాంపిల్ బస్తాలు పంచారు. ఇదీ అలాంటిదే అనుకున్నాడు. ఆఫీసులో అందరూ నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. మాస్టారు నవ్వలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్న చుట్టం వచ్చినట్టు మంచినీళ్లు తెచ్చిచ్చారు. అదేమిటో, ఎందుకు ఇవ్వాలో అంతా చెప్పారు. పెన్‌డ్రైవులో ఇస్తానన్నారు. కాగితం మీదైతే ఊళ్లో తెలిసినవాళ్లకి చూపించుకుంటానన్నాడు రైతు. సరేనన్నారు. ప్రింటరు మధ్యాహ్నం భోజనాల వేళ దాకా కొడుతూనే ఉంది. ఊరికే కాగితం తగలేస్తున్నాడని అకౌంటెంటు గొణిగాడు.

నేను భోజనానికి లేవబోతుంటే చూశాను. మాస్టారు ఆ కట్టలోంచి ఒక కాగితం వెతికి తీశారు. కళ్లజోడు తుడుచుకున్నారు. ఎర్ర పెన్సిలుతో ఒక చోట గీత గీశారు.

"మీకు పనికొచ్చేది ఇదొక్కటేనండీ. కాటా మీద వచ్చిన బరువుని పదుల్లో లెక్కేసి, పదికి లోపు కిలోలు మిగిలితే వదిలెయ్యమని ఉంది. తరుగు ఆ తరవాత మళ్లీ తీస్తుంది. ఇది ఆ పైదేశం వాళ్లు రాసింది కాదు. నేను రాశాను."

రైతు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎవరు రాయమన్నారని అడిగాడు.

"ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే రాయమన్నారు వీళ్లు. రాశాను. అందరూ ఒప్పుకున్నదే అనుకున్నాను. మిమ్మల్ని మాత్రం అడగలేదు."

నిజానికి అది పాత పద్ధతే. చేత్తో పట్టీలు రాసే రోజుల్లో కూడా గుమస్తా చిల్లర కిలోలు కొట్టేసేవాడు. కానీ అప్పుడు రైతు ఎదురుగా నిలబడి చూసేవాడు, తిట్టేవాడు, గుమస్తా సగమైనా వెనక్కి ఇచ్చేవాడు. కంప్యూటర్లోకి వెళ్లాక ఆ పోట్లాట పోయింది. మిగిలిన కిలోలు చప్పుడు లేకుండా కొట్లకి కలిసొచ్చేవి, నా కొట్టుతో సహా. ఇది మాస్టారికి తెలుసు, అందుకే ఆ రోజు నా వైపు చూడలేదు. ఆ కాగితం పైన పెట్టి, కట్టని పురికొసతో కట్టి, రైతు తెచ్చిన గోనెసంచిలోనే వేసి ఇచ్చారు.

మర్నాటి నుంచి యార్డులో గొడవ మొదలైంది. ముసునూరు వాళ్లూ, వాళ్లని చూసి చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ కాటా దగ్గర నిలబడి కిలో కిలో అడిగారు. అసోసియేషన్ మీటింగు పెట్టింది. ప్రెసిడెంటు గారు మర్యాదస్తులే, ముందు నెమ్మదిగానే మాట్లాడారు. రైతు ఫోనులో చూసుకునేవాడే గానీ వాడేవాడు ఎలా అవుతాడని అడిగారు. ఫోనులో నొక్కి చూస్తున్నాడంటే వాడుతున్నట్టేనని మాస్టారు చెప్పారు. వ్యాపారం గుట్టు బజారున పెట్టాడని, తువ్వాలు లాగేశాడని వెనకనుంచి ఎవరో అరిచారు.

అప్పుడు మాస్టారు లేచి నిలబడ్డారు. "తువ్వాలు కింద మీరు ఏ వేలు పట్టుకున్నారో నేను ఎవరికీ చెప్పలేదండీ. ఎవరి లెక్కా బయటపెట్టలేదు. ఏ వేలికి ఎంతో, అది మాత్రమే చెప్పాను. అది కూడా తెలియకుండా చెయ్యి పెట్టమంటే ఎలాగండీ?"

ప్రెసిడెంటు గారు అసలు ప్రశ్న అప్పుడు అడిగారు. ఆ షరతు పెట్టినవాళ్లు ఎక్కడో ఉన్నారు. మనం ఆ లైను తీసేస్తే వాళ్లు నూజివీడు వచ్చి చూస్తారా?

"రారండీ. ఎప్పటికీ రారు. అందుకే మనమే చెయ్యాలి."

ఆ జవాబు ఎవరికీ అర్థం కాలేదు. కాలేదని మొహాలు చూస్తేనే తెలిసింది. లైను తీసెయ్యమన్నారు. తీస్తే ప్రోగ్రాం కూడా తీసెయ్యాలి, అది ఉంచుకుని ఇది తీయడం కుదరదన్నారు ఆయన. నేను లేచి, ప్రోగ్రాం పోతే తువ్వాలు పేజీ పోతుంది, నా కొట్టు సంగతేంటి అన్నాను. మీ మరిది ఉన్నాడుగా అమ్మా అన్నారు ప్రెసిడెంటు గారు. మా మరిది వెనక వరసలోనే ఉన్నాడు.

రెండూ తీసేశారు. ప్రోగ్రామునీ, ఆయన్నీ. ఏదో సిటీ కంపెనీ నుంచి కొత్తది వచ్చింది. రంగులు బాగుంటాయి, తువ్వాలు పేజీ మాత్రం లేదు. పెట్టిన రోజు షరతుల పేజీ వస్తే, కంపెనీ కుర్రాడు ఠక్కున అడుగునున్న గడి చూపించాడు, అన్ని కొట్ల గుమస్తాలూ ఒకేసారి అంగీకరిస్తున్నామని నొక్కారు. సేట్లు మళ్లీ భుజాన తువ్వాళ్లతో రావడం మొదలుపెట్టారు. నేను మళ్లీ మరిదిని పంపడం మొదలుపెట్టాను. కాటా దగ్గర గొడవ వానలు పడేదాకా సాగి, కాయతో పాటే అయిపోయింది. పై సీజనుకి అడిగేవాళ్లు అలిసిపోయారు.

మాస్టారు ముసునూరు రోడ్డులో ఒక చిన్న జిరాక్స్ కొట్టు పెట్టుకున్నారు. జిరాక్సులు తీస్తూ, జనానికి ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపి పెట్టేవారు. ప్రతి అప్లికేషనులోనూ షరతులు చదివి వినిపించేవారు కాబట్టి జనం పక్క కొట్టుకి వెళ్లేవారు. చివరిసారి నేను వెళ్లినప్పుడు బాగా చిక్కిపోయి ఉన్నారు. షుగరు, దాని వెనక కిడ్నీలు. కాళ్లు వాచాయి. చెప్పులు పక్కన విడిచి, సిమెంటు నేల మీద పాదాలు ఆనించి కూర్చున్నారు. రసాలు నాలుగు తీసుకెళ్లాను. తినకూడదన్నారు గానీ ఒకటి చేతిలోకి తీసుకుని తొడిమ దగ్గర వాసన చూశారు. ఎవరి తోటవని అడగలేదు. ఆయన అడగకపోయేసరికి నాకు భయం వేసింది.

కొత్త ప్రోగ్రాం ఎలా ఉందో చూపించమన్నారు. నా ఫోను ఇచ్చాను. పాత అలవాటే, కళ్లజోడు తుడుచుకుని ఆ షరతులన్నీ చదివారు. ఇద్దరు వచ్చి జిరాక్సు కావాలని నిలబడి వెళ్లిపోయారు. చదవడం అయ్యాక ఫోను బల్ల మీద పెట్టారు.

"ఇందులో ఒక్క మనిషి పేరు లేదు అక్కగారూ. చిల్లర కిలోలు వదిలేస్తోందా?"

తెలియదన్నాను. అడిగితే కంపెనీ రహస్యం, చెప్పకూడదు అంటున్నారన్నాను.

ఆయన రోడ్డు వైపు చూశారు. కాయ ట్రేలు వేసుకుని ఒక ఆటో పోయింది.

"నేను రాసింది తప్పేనండీ. కాకపోతే అది కనపడే తప్పు" అన్నారు.

ఇంటికెళ్లి మందులు వేసుకోండి అన్నాను. ఆ మందుల కాగితాలన్నీ చదివేశానని, వాటిల్లో మంచి మాట ఏదీ లేదని నవ్వారు. భుజాలు సరిగ్గా కదల్లేదు.

మెసేజి వచ్చిన ఆ పొద్దున, ట్రాక్టర్లు దింపుకున్నాక, ఆ ముసునూరు రైతే నా షెడ్డుకి వచ్చాడు. ఆ ఉదయం కాయ వేసిన వాళ్లలో ఆయనొకడు. మాస్టారు పోయారని చెప్పాను. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. మంచాయన అన్నాడు. ఆ కాగితాలు ఏం చేశావని అడిగాను. అటక మీద పెట్టాడట. కొన్ని ఎలకలు కొట్టాయి, కొన్ని వాళ్లావిడ పండ్లు మాగేసేటప్పుడు గడ్డి చాలక కింద పరిచింది. ఎర్ర గీత ఉన్న కాగితం మాత్రం ఎక్కడో ఉండాలన్నాడు.

అంతలో గుమస్తా ఆయన పట్టీ తెచ్చిచ్చాడు. రైతు దాన్ని దూరంగా పట్టుకుని చూశాడు. కాటా మీద తను చూసిన బరువు ఒకటి, ఇందులో ఉన్నది ఒకటి.

"ఇదెలా వేశారమ్మా?" అన్నాడు. పోట్లాడటానికి కాదు, తెలుసుకుందామనే అడిగాడు.

నేను కంప్యూటర్ నా వైపు తిప్పుకున్నాను. పట్టీ పేజీ మొత్తం చూశాను. అడుగుదాకా జరుపుకుంటూ వెళ్లాను. అడుగున తెల్లగా ఉంది, ఏ లైనూ లేదు, ఎవరి పేరూ లేదు. నాకు నిజంగానే తెలియదు. ఆయన నా జవాబు కోసం నిలబడి ఉన్నాడు, వెనక ఇంకో ట్రాక్టరు హారన్ కొడుతోంది.

"కంప్యూటర్ వేసిందండీ" అన్నాను.

ఎక్కణ్ణుంచీ ఎవరూ రాలేదు. రైతు ఇంకేం అడగలేదు. పట్టీ మడిచి జేబులో పెట్టుకుని, తలపాగా చుట్టుకుంటూ వెళ్లిపోయాడు.